అమ్మ రెండోసారి చెప్పిన సాక్ష్యం

మా ఫ్రిజ్ తలుపులో, కోడిగుడ్ల అర పక్కన, రెండు ఇన్సులిన్ పెట్టెలుంటాయి. ఒకటి అమ్మది, రెండోది పక్కింటి పిన్నిది. పిన్ని అంటే రక్తసంబంధం కాదు, చర్చి కలిపిన వరస. వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. పొద్దున్నే "అక్కా, వందనాలు" అంటూ దొడ్డి గుమ్మంలోంచి వచ్చి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, పొట్టకి సూది పొడుచుకుని, మా కాఫీ తాగి పొలం పనికి పోయేది. ఆ ప్రార్థనలో నా పెళ్ళి గురించి కూడా ఉండేది. అదొక్కటే నాకు ఒళ్ళు మంట.

ఆ ఏడు అమ్మ కాలికి షుగరు పుండు లేచింది. కట్టు మార్పించడానికి కొవ్వూరు నుంచి వంతెన దాటి రాజమండ్రి ఆసుపత్రికి తిరిగాం. వేలు తీసేయాల్సి రావచ్చన్నారు డాక్టరుగారు. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఇంటికొచ్చి కాలికి నూనె రాసి మోకాళ్ళ మీద ప్రార్థన చేశారు. పుండు మానింది.

మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. మేలు పొందినవాళ్ళు లేచి చెప్పాలి. అమ్మ లేచి, "ప్రభువు నా కాలు ముట్టి బాగుచేశాడు" అంది. ఏడుపొచ్చి ఇంకేమీ చెప్పలేకపోయింది. హల్లెలూయ అంటూ చర్చంతా మారుమోగింది. కట్ల సంగతి, మందుల సంగతి అమ్మ దాచలేదు. అవి సాక్ష్యంలో చెప్పే సంగతులని మావాళ్ళెవరికీ తోచదు, అంతే. మహిమంతా దేవుడికే పోవాలి, బిళ్ళలకి వాటా ఇవ్వకూడదు.

ఆ తర్వాత పిన్ని రావడం మానేసింది. ఊడ్పుల రోజులు కదా, చీకటితోనే చేలోకి పోతోందేమో అనుకున్నాం. ఒక శనివారం ఉదయం పెరుగు కోసం ఫ్రిజ్ తీశాను. అమ్మ పెట్టె దాదాపు ఖాళీ. దాంతోపాటే తెచ్చిన పిన్ని కొత్త పెట్టెకి సీలు కూడా విప్పలేదు. గిన్నె అక్కడే పడేసి పరిగెత్తాను.

పిన్ని గుమ్మంలో కూర్చుని చెంబెత్తి నీళ్ళు తాగుతోంది. పెదాలు పగిలిపోయాయి, బుగ్గలు పీక్కుపోయాయి.

"ఏంటి పిన్నీ, సూది మానేశావా?"

"మీ అమ్మని ముట్టిన దేవుడు నన్ను ముట్టడేంటమ్మా? విశ్వాసంతో మానేశాను," అని నవ్వింది.

ఆ నవ్వుకి నాకు భయమేసింది. ఏడిస్తే ఓదార్చొచ్చు, తిడితే తిరిగి తిట్టొచ్చు. నమ్మి నవ్వే మనిషిని ఏం చేస్తాం?

అమ్మ వెళ్ళి నెత్తీ నోరూ కొట్టుకుంది. "నేనింకా సూది మానలేదే, నీ దుంప తెగ! పద ఆసుపత్రికి."

"మరి దేవుడి ఇంట్లో అందరి ముందూ చెప్పింది అబద్ధమా అక్కా? నీ విశ్వాసం సడలింది. సైతాను నీచేత ఇలా అనిపిస్తున్నాడు," అని పిన్ని మా మొహం మీదే తలుపేసుకుంది.

అమ్మ ఇంటికొచ్చి మంచమ్మీద కూలబడింది. "అక్కడ చెప్పింది అక్కడే సరిచెయ్యాలి. రేపు లేచి చెబుతాను."

నా పైప్రాణాలు పైనే పోయాయి. అయ్యగారు అప్పటికే ఆ సాక్ష్యాన్ని చుట్టుపక్కల కూటాలన్నిట్లో చెప్పేశారు. ఇప్పుడు అమ్మ మాట మారిస్తే ఊరుకుంటారా? "దేవుడి దగ్గర అబద్ధమాడిందంటారమ్మా. రేపు నువ్వు పోతే మొయ్యడానికైనా రారు," అని అరిచాను.

"నాకూ భయంగానే ఉందే," అంది అమ్మ. "నీతిగా బతకడమంటే అబద్ధమాడకపోవడం, ఒకరి సొమ్ము ముట్టకపోవడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. నేనాడింది నిజమేనే. ఆ నిజమే దాన్ని చంపేస్తోంది."

ఆదివారం పిన్ని గోడ పట్టుకుని వచ్చి మా ముందు చాప మీద కూర్చుంది. అందరూ పాటలు పాడుతుంటే నాకు ఆమె ఎగశ్వాసే వినబడుతోంది. సాక్ష్యాల సమయం రాగానే అమ్మ లేచింది.

"కిందటిసారి నేను సగమే చెప్పాను. ప్రభువు నా కాలు బాగుచేశాడు. డాక్టరుగారి చేత్తో, కట్టుతో, మందుతో బాగుచేశాడు. ఇవాళ పొద్దున కూడా సూది పొడుచుకునే వచ్చాను."

ఒక్కరూ హల్లెలూయ అనలేదు. వెనక నుంచి సంఘపెద్ద ఒకాయన, "కూర్చోండమ్మా. విశ్వాసం తగ్గించే మాటలు చెప్పకండి," అన్నాడు. నేను అమ్మ కొంగు పట్టుకుని కిందికి లాగాను. విదిలించుకుంది.

"కూర్చోనండి. దేవుడు చేసినదానికి నేను కలపక్కర్లేదు, తీసెయ్యక్కర్లేదు. చెల్లీ, లేవే. నువ్వు పోతే నేను ఏ మొహం పెట్టుకుని రొట్టె విరిచే ప్రభువు బల్ల దగ్గరికి రానే?"

పిన్ని అయ్యగారి వైపు చూసింది. చర్చంతా ఆయన వైపే చూసింది. ఆయన తల దించుకున్నారు. ఆ కాసేపూ నేను ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. చివరికి మెల్లిగా, "వెళ్ళమ్మా," అన్నారు.

ఆటో వంతెన ఎక్కేసరికి పిన్ని తల అమ్మ ఒళ్ళో ఉంది. ఊపిరి మగ్గిన పళ్ళ వాసనేస్తోంది. కింద గోదావరి ఎర్రగా పారుతోంది, అటు చూడలేకపోయాను.

"ముందే మొత్తం చెప్పకపోయావా అక్కా," అంది పిన్ని. తర్వాత కళ్ళు తెరవలేదు.

పిన్ని బతికింది. చర్చిలో కొందరు అమ్మతో మాట్లాడటం మానేశారు. ఇంకొందరు ఆడవాళ్ళు మా దొడ్డి గుమ్మంలోకి వచ్చి, గొంతు తగ్గించి, "బిళ్ళలు మళ్ళీ వేసుకోమంటారా అండీ?" అని అమ్మని అడిగి వెళ్ళారు. వాళ్ళూ మానేశారని అప్పటిదాకా మాకు తెలీదు.

ఇప్పుడు పిన్ని మళ్ళీ రోజూ వస్తోంది. కాస్త ఆలస్యమైతే మాత్రం అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసి నా వైపు చూస్తుంది. ఫ్రిజ్ తీసి ఆ పెట్టె చూడటానికి నాకు చెయ్యి రాదు. దొడ్డి తలుపు చప్పుడయ్యేదాకా ఇద్దరం అలాగే నిలబడతాం.