మెట్లంటే పడని సబిన్

సబిన్‌కి మెట్లంటే పడదు. ఇంటికుండే మెట్ల సంగతి కాదు. వాటిని అందరిలాగే ఎక్కుతాడు, పలింకా సారా పుచ్చుకున్న రోజున కాస్త నెమ్మదిగా దిగుతాడు. అతనికి గిట్టనివి శబ్దంలో ఉండే మెట్లు. పెళ్ళి పాటల బృందంలో కీబోర్డు వాయిస్తాడు కదా, కింద కుడికాలి దగ్గర ఒక పెడలు ఉంటుంది. మునివేళ్ళతో నొక్కితే శబ్దం పెరుగుతుంది, మడమతో నొక్కితే తగ్గుతుంది. ఆ పెరగడం రొట్టెపిండి పొంగినట్టు ఎవరికీ తెలియకుండా జరగాలిట. గబుక్కున ఓ గెంతు, మళ్ళీ ఇంకో గెంతు వేసిందా, సబిన్‌కి ఆ పూట అన్నం సహించదు.

నసౌద్ పట్నం చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళైనా సబిన్ రాగానే చేసే మొదటి పని కుడికాలి బూటు విప్పడం. ఎడమకాలికి నిగనిగలాడే నల్లబూటు, కుడికాలికి వాళ్ళావిడ అల్లిన ఉన్ని మేజోడు. ఇదేం అవతారమయ్యా అంటే, "బూటుతో పెడలు తొక్కేవాడు చేతికి తొడుగేసుకుని పసిపిల్ల బుగ్గ నిమిరే రకం" అంటాడు.

తర్వాత కీబోర్డు ఆన్ చేయాలి. అప్పుడు చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదు. ఆన్ అయ్యే ఆ కాస్త సేపట్లోనే పెడలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కీబోర్డు నేర్చుకుంటుందిట. ఒకసారి పెళ్ళికొడుకు మేనమామగారి కుక్క సరిగ్గా అప్పుడే వచ్చి పెడలు మీద కాలు పెట్టింది. కీబోర్డు ఆ కుక్క కాలినే ప్రమాణంగా తీసుకుంది. ఇక ఆ రోజంతా సబిన్ కాలు ఆనిస్తే చాలు, కీబోర్డు గర్జించింది. ఫాదర్‌గారి ఒళ్ళో సూపు ఒలికిందీ ఆ పెళ్ళిలోనే.

ఇంతా అయ్యాక పరీక్ష. ఒకే మీటను వేలితో పట్టుకుని, కాలిని అంగుళం అంగుళం కదుపుతూ ఊఁ... అని ఒక్కటే స్వరం. వీధిలోని కుక్కలన్నీ అందుకుంటాయి. పెళ్ళివారు చేతులు కట్టుకుని నిలబడతారు.

"ఏమయ్యా సబిన్, పాట ఎప్పుడు?"

"మెట్లున్నాయండీ."

"ఎక్కడ?"

"మధ్యలో, కాస్త పైన. మీకు వినపడలేదూ?"

"నాకు వినపడేవల్లా మా ఆవిడ తిట్లు. మాంసం కూరిన సర్మాలే చల్లారిపోతున్నాయిట!"

అయినా సబిన్ చలించడు. పెడలు బోర్లించి, మరలు విప్పి, లోపల తిరిగే బిళ్ళ మీది దుమ్ము దూదితో తుడిచి, మళ్ళీ ఊఁ అంటాడు.

ఈ పిచ్చి పెడలు దగ్గర ఆగినా బాగుండేది. బస్సు డ్రైవరుతో, "మీ బ్రేకులో మెట్లున్నాయి" అన్నాడు. ఆయన అక్కడే దింపేశాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఫాదర్ దగ్గరికి వెళ్ళి, "తమరి ఆమెన్ చివర్లో ఓ చిన్న మెట్టు తగులుతోంది" అని విన్నవించుకున్నాడు. ఫాదర్ గడ్డం దువ్వుకుని, "నీ నరకం దారిలో ఒక్క మెట్టూ లేదు నాయనా, నున్నగా జారిపోతున్నావు" అన్నారు.

ఇదంతా చూసి ఊరు నవ్వుకునేది. నవ్వని మనిషి ఒక్కతే, బృందంలో పాడే వెతూరియా.

వెతూరియా గొంతంటే మామూలు గొంతు కాదు. కొండ ఇవతల పాడితే అవతల గొర్రెలు మేత మానేసేవని చెప్పుకునేవారు. కొన్నేళ్ళ కిందట ఆమె మెడకి ఆపరేషన్ జరిగింది. కోలుకుని మళ్ళీ మైకు పట్టుకున్న రోజున, "డాక్టరు కత్తికి నా గొంతు దొరకలేదు" అని ప్రకటించింది. ఊరంతా విని, నిజమే, ముందెంతో ఇప్పుడూ అంతే అంది. ఆ మాట ఆమెకు మందులన్నిటికన్నా బాగా పనిచేసింది.

అలాంటిది ఈ వేసవిలో ఎవరో ఫోనులో తీసిన పెళ్ళి వీడియో చూపించారు. వెతూరియా చెవి దగ్గర పెట్టుకుని వింది. మళ్ళీ వింది. తాను పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా సబిన్ కీబోర్డు కూడా బయల్దేరి వస్తోంది! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా బృందం పెద్ద గ్లిగోర్ ఇంటికి వెళ్ళింది.

"గ్లిగోర్ అన్నా, వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"ఏమైందమ్మా?"

"నా గొంతు మీద దుప్పటి కప్పుతున్నాడు! నాకు చప్పట్లు పడే చోటు చూసుకుని మరీ పెడలు తొక్కుతున్నాడు. అసూయ కాకపోతే ఏమిటిది?"

గ్లిగోర్ శుభ్రంగానే ఉన్న క్లారినెట్‌ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. "డోయినా పెళ్ళి కానియ్యి. చూద్దాం."

"చూసేదేం లేదు. ఆ పెళ్ళితో వాడూ వాడి మేజోడూ ఇంటికే."

కబురు సబిన్‌కి చేరింది. అతను వాదించలేదు. "డోయినా పెళ్ళి దాకా ఉండొచ్చు కదా?" అని అడిగాడు. ఉండొచ్చన్నారు. "అయితే ముందు దాని సంగతి చూడాలి" అని పెడలు విప్పుకుని కూర్చున్నాడు.

డోయినా వెతూరియాకి జ్ఞానపుత్రి. బాప్తిస్మం రోజున ఆ పిల్లను చేతుల్లో ఎత్తుకున్నది ఈవిడే. పెళ్ళికూతుర్ని చర్చికి బయల్దేరేముందు వాకిట్లో నిలబెట్టి వీడ్కోలు పాట పాడాలి. అప్పుడు పెళ్ళికూతురు ఏడవాలి. ఏడవకపోతే పుట్టింటి మీద ప్రేమ లేదంటారు, కన్నతల్లి మొహం చెల్లకుండా పోతుంది, పాడినామెను ఇంకెవరూ పిలవరు. వీడ్కోలు పాటకి డ్రమ్ములుండవు. గొంతు ఒక్కటే పైకి వెళ్ళాలి.

ఈ ఒక్క పాటలోనైనా తన గొంతు తనదిగా వినపడాలని వెతూరియా నిశ్చయించుకుంది. సబిన్ పరీక్షలన్నీ ముగించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆమె అటూ ఇటూ చూసి, పలింకా సీసా బిరడా తీసుకెళ్ళి పెడలు మునివేళ్ళ వైపు కింద దూర్చేసింది. ఇక అది కిందికి దిగదు, శబ్దం పైకి లేవదు.

పాట మొదలైంది. కింది స్వరాలు చక్కగా నడిచాయి. డోయినా పెదవి వణికింది, తల్లి చేతిరుమాలు తీసింది. మూడో వరుసలో పాట పైకి లేచింది. వెతూరియా గొంతూ లేచింది, సగం దాకా వెళ్ళి తెగిపోయింది. బొంగురుగా ఏదో గాలి వచ్చింది, అంతే. దడి మీది కోడి మాత్రం జవాబు చెప్పింది.

ఆమె గిరుక్కున సబిన్ వైపు తిరిగింది. అతను ఒంటి బరువంతా వేసి పెడలు తొక్కుతున్నాడు. మొహం నిండా చెమట. బావిలోకి జారుతున్న మనిషికి చెయ్యి అందించబోతే అందనట్టుంది ఆ వాలకం. ఆమెకు ఒక్కసారిగా అంతా అర్థమైంది.

సబిన్ వంగి కింద తడిమాడు. చేతికి బిరడా తగిలింది. దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. గభాలున మేజోట్లో దోపుకుని లేచి నిలబడ్డాడు.

"అయ్యా, తప్పు నాది! నేనే వాయింపు తప్పాను. పాపం అక్క కంగారుపడి ఆగిపోయింది. ఈ దిక్కుమాలిన పెడల్లో మెట్లున్నాయి!"

వాకిలంతా గొల్లుమంది.

"ముందు బూటు తొడుక్కో నాయనా!" అని ఒకరు.

"ఆ పెడలుకి కూడా పెళ్ళి చేసెయ్యండి, కుదురుకుంటుంది!" అని ఇంకొకరు.

డోయినా కూడా ఫక్కున నవ్వింది. తల్లికి గుండెలు జారిపోయాయి. వీడ్కోలు వేళ నవ్వే పెళ్ళికూతుర్ని ఎవరైనా చూశారా!

"మొదటి నుంచి అందుకో అక్కా" అన్నాడు సబిన్ మెల్లగా. "భయం లేదు."

వెతూరియా మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పాడుతూనే చెవులు రిక్కించి వింది. పైస్థాయి దగ్గర తన గొంతు సన్నబడుతున్న చోట, ఎక్కడి నుంచో తెలియకుండా ఒక స్వరం వచ్చి చేరింది. తన గొంతు ఎక్కడ ఆగిందో, కీబోర్డు ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియలేదు. అక్కడ ఒక్క మెట్టున్నా ఊరంతటికీ తెలిసిపోయేది. ఆపరేషన్ తర్వాత ఇన్నేళ్ళూ ఆమెకు కూడా తెలియనివ్వకుండా కాపాడుతున్న మనిషిని పట్టుకుని అసూయ అంది. సిగ్గుతో, ప్రేమతో ఆమె గొంతు వణికింది. ఆ వణుకు పాటకి అందంగానే అతికింది. డోయినా తల్లి భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆడవాళ్ళందరూ అందుకున్నారు. తల్లి ఏడుస్తూనే తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

భోజనాల దగ్గర వెతూరియా ఒక పళ్ళెం నిండా సర్మాలే తెచ్చి సబిన్ ముందు పెట్టింది. పక్కనే గ్లిగోర్ ఉన్నాడు.

"ఎందుకు చెప్పలేదురా నాకు?"

"ఏ విషయం అక్కా?"

"నటించకు. బిరడా పెట్టింది నేనే."

"తెలుసు. మేజోట్లో గుచ్చుకుంటోంది."

వెతూరియా నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. "గ్లిగోర్ అన్నా, నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వీడు ఎక్కడికీ పోనక్కర్లేదు."

"పొమ్మని నేనెప్పుడన్నాను?" అన్నాడు గ్లిగోర్ ఎముక చీకుతూ.

"ఇంకో మాట. నాకూ వయసొచ్చింది. ఎన్నాళ్ళని వీడి కాలు మీద ఆధారపడతాను? ఇకనుంచి పాటల శ్రుతి కాస్త కిందికి దించండి. నాకేం నామోషీ లేదు."

సబిన్ గ్లిగోర్ వైపు చూశాడు. గ్లిగోర్ సబిన్ వైపు చూశాడు. ఇద్దరూ కలిసి పళ్ళెంలోకి చూశారు.

"ఏమిట్రా?"

"అదీ... అక్కా..." అని నీళ్ళు నమిలాడు సబిన్. "దించేశాం. నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చిన వారమే."

వెతూరియా నోరు తెరిచింది. గ్లిగోర్ ఆమె చేతికందే దూరంలోంచి రొట్టెల బుట్టను మెల్లగా పక్కకి జరిపాడు. అయినా లాభం లేకపోయింది. మొదటి రొట్టె అతని నెత్తికే తగిలింది, రెండోది సబిన్‌కి. ఆ తర్వాత ఆమె నవ్విన నవ్వు మాత్రం పాత రోజుల్లోలాగే కొండ అవతలికి వినపడింది.