రెండు నిమిషాల విశ్వాస ప్రమాణం

పోయిన శుక్రవారం మా మేనకోడలు పట్టుబట్టి నన్ను చర్చిలో పూజకు తీసుకుపోయింది. దోహా పక్కనే లుసైల్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, మిగిలిన పొద్దంతా గాయక బృందం అంటూ తిరిగే ఈ పిల్ల, ఈసారి తాము పాడేది మామూలు పాటలు కాదనీ, రెండొందల యాభై ఏళ్ళ నాటి లాటిన్ పూజా సంగీతమనీ, నేను వినాల్సిందేననీ వారం రోజులు నా ప్రాణం తీసింది. తీరా వెళితే, నల్లబట్టలు వేసుకున్న ముప్ఫైమంది, వాళ్ళ చేతుల్లో ముప్ఫై ట్యాబ్లెట్లు, ఎదురుగా స్టాండు మీద ఒక ఫోను, అందులోంచి లోకానికంతటికీ ప్రసారం. దేవుడు చూస్తున్నాడో లేదో గానీ కెమెరా చూస్తోందన్న ధ్యాస మాత్రం ఒక్కొక్కరి మొహంలో కొట్టొచ్చినట్టు కనబడుతోంది. నాకు నచ్చేది ఈ రోజుల్లో ఏముంది గనక అని ఓ మూల కూర్చున్నాను. వాళ్ళు మొదలుపెట్టిన రెండో వాక్యానికే తెలిసిపోయింది, ఇది పాతికేళ్ళ కిందట ఇదే దోహాలో మేము పాడిన సంగీతమేనని.

అప్పట్లో ఉద్యోగాలకు ఇక్కడికి వచ్చిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. అప్పటికి గుడి లేదు. ఒక విల్లాలోని పెద్ద హాలే మాకు గుడి. ఆదివారం డ్యూటీ కాబట్టి ఈస్టరైనా, క్రిస్మసైనా మాకు పండుగ శుక్రవారమే. ఒక్కో భాష వాళ్ళకు ఒక్కో గంట. మా గంట పూర్తికాకముందే తరువాతి గంట వాళ్ళు పిల్లాజెల్లాతో ఎండలో వచ్చి నిలబడేవాళ్ళు, వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి యల్లా యల్లా అంటూ తొందరపెడుతూ ఉండేవాడు. ఆ గంటలోనే ప్రసంగం, ప్రకటనలు, కానుకలు, సత్ప్రసాదం అన్నీ ఇమడాలి. ఇలాంటి చోట మా గాయక బృందం మాస్టరుకి, గోవా ఆయనకి, గొప్ప సంగీతం పాడాలని దురద పుట్టింది.

ఆయన ఎక్కడినుంచో జిరాక్సు కాగితాలు తెచ్చాడు. పూర్వం యూరపు దేశాల్లో ఓ పెద్ద బిషప్పుగారికి పూజ త్వరగా ముగియాలట, అందుకని సంగీతకారులు పొట్టి పూజలు కట్టేవాళ్ళట. ఎలా కట్టారయ్యా అంటే, నమ్ముతున్నాను అంటూ సాగే విశ్వాస ప్రమాణం మరీ పొడుగు గనక దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆడవాళ్ళ పైగొంతులకొక ముక్క, కిందిగొంతులకొక ముక్క, మగవాళ్ళలో సన్నగొంతులకొకటి, మంద్రానికొకటి ఇచ్చి, నాలుగూ ఒకేసారి పాడించడం. ఎవరేం నమ్ముతున్నారో వినేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు, పని మాత్రం రెండు నిమిషాల్లో అయిపోతుంది. వంటమనిషి అన్నం, పప్పు, పాయసం ఒకే గిన్నెలో పోసి టైము కలిసొచ్చిందన్నట్టు. అయితే ఆ రోజుల్లో ఇదంతా నాకు మహా గొప్పగా ఉండేది. మెడకు టై కట్టుకుని కంపెనీ ఆఫీసులో టైపు కొట్టే నాకు, లాటిన్ పాడటమంటే మరో మెట్టు ఎక్కడమే.

మా పెద్దబావ, అంటే మా అక్క మొగుడు, లేబర్ క్యాంపులో ఉండే ఏసీ మెకానిక్కు. ఎంత రుద్దినా గోళ్ళలో నలుపు పోయేది కాదు, కానీ గొంతు ఎలాంటిదంటే, మంద్రంలో ఆయన అందుకుంటే హాల్లో కుర్చీలు కూడా విన్నట్టుండేవి. మాస్టరుకి ఆయన గొంతు కావాలి, మనిషి అక్కర్లేదు. బావకు స్వరాల కాగితం చదవడం రాదు. మాతో పాడే మలయాళం నర్సమ్మను అడిగి, లాటిన్ మాటలన్నీ తెలుగు లిపిలో నోటుబుక్కులో రాసుకుని, పక్కన అర్థం కూడా రాసుకుని, తన ముక్కే కాకుండా నాలుగు ముక్కలూ మొదట్నుంచి చివరిదాకా కంఠతా పట్టాడు. ఇంత చాదస్తం ఎందుకని నేను నవ్వాను.

ఈస్టరుకు ముందు తపస్సుకాలంలో, ఇండియాలో మా ఊళ్ళో మా అక్క పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఈ దేశం దాటాలంటే కావలసిన ఎగ్జిట్ పర్మిట్ మీద బావకు సంతకం పెట్టాల్సిన మనిషి దోహాలో లేడని కంపెనీలో చెప్పారు. ఆ సంతకం వచ్చేసరికి అక్కను మట్టిచేసి తొమ్మిది రోజులైంది, వాళ్ళ చంటిపిల్లను మా అమ్మ తీసుకుపోయింది, ఇక వెళ్ళి చేసేదేముందని బావ ఆగిపోయాడు. నేనూ వెళ్ళలేదు. నాకు పర్మిట్ వచ్చేదే, నేను అడగలేదు. ఆఫీసులో కొత్త మేనేజరు, మంచి చేసుకోవాల్సిన సమయం. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఆ తరువాతి ప్రాక్టీసుకు కూడా బావ వచ్చాడు. విశ్వాస ప్రమాణం ఆఖర్లో, చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారని ఎదురుచూస్తున్నాను అనే వాక్యం ఉంటుంది కదా, అది పైగొంతు ఆడవాళ్ళకు వచ్చింది. అదే సమయంలో మంద్రం వాళ్ళు శ్రీసభ, అంటే చర్చి గురించి వేరే వాక్యం పాడాలి. బావ మాస్టరు దగ్గరికి వెళ్ళి తన క్యాంపు హిందీలో, ఆ లైను మాకూ ఇవ్వండి అని అడిగాడు. మాస్టరు టైము లేదన్నట్టు వాచీ చూపించి, "మాఫీ టైమ్, భాయ్" అన్నాడు. బయటికి వచ్చాక బావ నాతో అన్నాడు.

"నమ్ముతున్నానని అందరితో పాటు మొదలుపెట్టి, నాక్కావలసిన ముక్క దగ్గరికొచ్చేతలికి ఇంకోళ్ళ నోటికిచ్చి నన్ను పక్కకి పొమ్మంటే ఎట్టారా? మీ అక్క ముక్క అది."

సంగీతమంటే అలాగే ఉంటుంది, నీకు తెలియదులే అన్నాను. తెలిసినవాడిలా అన్నాను.

ఈస్టరు తరువాతి శుక్రవారం హాలు కిక్కిరిసింది. విశ్వాస ప్రమాణం పరుగెత్తి పరుగెత్తి చివరి ఆమెన్ దగ్గర టక్కున ఆగింది. మాస్టరు చేయి దించాడు. బావ ఆగలేదు. ఆ ఒక్క వాక్యం, తాను తెలుగు లిపిలో రాసుకున్న లాటిన్ మాటల్లోనే, స్వరం లేదు, తాళం లేదు, ఒక్కడే నిలబడి నిదానంగా మొదట్నుంచి చివరిదాకా పాడాడు. ఫాదర్ తల వంచుకుని వేచి ఉన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు కాలిపోయాయి, దుఃఖంతో కాదు, సిగ్గుతో.

పూజ అయ్యాక గుమ్మం దగ్గర, మా ఆఫీసు మేనేజరు భార్య, ఆ గోల చేసినాయన మీకు తెలుసా అని అడిగింది. "ఎవరో క్యాంపు మనిషి" అన్నాను. అప్పటికి బావ నా వెనకే వంగి చెప్పులు వేసుకుంటున్నాడు. తలెత్తి చూడలేదు. ఆ తరువాత ఏ శుక్రవారమూ బృందానికి రాలేదు, రెండేళ్ళకు ఊరికి వెళ్ళిపోయాడు, చనిపోయేదాకా నాతో మామూలుగానే మాట్లాడాడు. మొహం మీద ఉమ్మేసి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ బావ కూతురే ఈ పిల్ల. మొన్న వీళ్ళు పాడుతుంటే ఆ వాక్యం ఎక్కడ వస్తుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాను. వచ్చింది. పైగొంతు ఆడవాళ్ళలోనే వచ్చింది, అందులో మా మేనకోడలు నోరు కదలడం చూశాను. తల్లి మొహమైనా గుర్తులేని పిల్ల, తన తండ్రి అడిగితే ఇవ్వని వాక్యాన్ని ట్యాబ్లెట్టు మీద వేలితో పేజీ తిప్పుతూ పాడేసి, అందరితో పాటు ఆమెన్‌లో కలిసిపోయింది. ముప్ఫైమందీ కత్తిరించినట్టు ఒకేసారి ఆగారు. నేను ఇంకెవరైనా కొనసాగిస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరూ లేరు. అంత చక్కగా పాడినందుకు వాళ్ళ మీద నాకు ఒళ్ళుమండింది.

గుమ్మం దగ్గర ఆ పిల్ల నా చేయి పట్టుకుని, వాళ్ళ బృందం వాళ్ళందరి ముందూ, నేను వేసుకొచ్చిన పాత చెప్పులూ నలిగిన చొక్కా ఏమాత్రం పట్టించుకోకుండా చెప్పింది.

"మా మామయ్య. ఈయనా మా నాన్నా కలిసి ఇదే పూజ పాడారంట. నాన్న ఎప్పుడూ చెప్పేవాడు."

అంటే ఆయన ఇంటికెళ్ళి కూతురికి చెప్పింది ఇంతే అన్నమాట. నేను ఔనన్నట్టు తలూపాను.

విల్లా హాలు పోయి గుడి వచ్చింది, జిరాక్సు కాగితాలు పోయి ట్యాబ్లెట్లు వచ్చాయి, మావాళ్ళకు ఆ పర్మిట్ల బాధ కూడా తప్పింది, ఇప్పుడు ఎవరైనా పోతే సాయంత్రం విమానం ఎక్కవచ్చు. గుమ్మం దగ్గర నిలబడి మా బావ గురించి ఒక్క నిజం చెప్పలేని నోరు మాత్రం అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే.