ఒకటిన్నర చుట్టు

మేము చెన్నూరు దాటి నీళ్ల అంచుకు చేరేసరికి ఉదయం అయిదు నలభై. మూడు ట్రక్కులు, నాలుగు రబ్బరు బోట్లు, ఇరవై ఎనిమిది మంది. మూడు రోజులుగా ఒకటే వాన. గోదావరి నిండి ఎదురుతన్నడంతో వాగులు వెనక్కి పారుతున్నాయి. తారు రోడ్డు నీళ్లలోకి దిగి మాయమైన చోటే బేస్ పెట్టాం. ఆర్డరు ఒక్కటే. చీకటి పడేలోగా ఇళ్ల కప్పుల మీదున్న జనాన్ని ఒడ్డుకు చేర్చాలి.

నేను రేడియో ఆపరేటర్ని. మాది భైంసా. బాపుది బట్టల దుకాణం. నడక, బేరం రెండూ ఒకేసారి నేర్చుకున్నాను. రేషన్ స్టోర్లో రెండు సబ్బులు ఇస్తే మూడోది కొసరు అడిగిన సిపాయిని మా యూనిట్‌లో నేనొక్కణ్ణే.

ఆ బృందంలో తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే. ఇద్దరినీ బోటు రెండులో వేశారు. రెండోవాడు బోటు డ్రైవరు. కొండగట్టు దగ్గరి పల్లె. మెడలో సింధూరం అంటిన తాడు. ఎనిమిది నెలల్లో రిటైర్మెంట్. తమ్ముడితో కలిసి లారీ కొనాలని అతని ఆలోచన. నన్ను సేటూ అని పిలిచేవాడు.

రెండో ట్రిప్పులో ఒకామె మేకల్ని వదిలి రానంది. తొమ్మిది మేకలు. అన్నీ రావాలని ఆమె, ఒక్కటి కూడా వద్దని నేను. చివరికి రెండు మేకపిల్లల్ని బోటులో వేసుకున్నాం, మిగతావాటికి కప్పు మీద మేత పడేశాం. ఆమె ఎక్కింది.

"వరదల గూడ బేరమేనా సేటూ?" అని డ్రైవరు నవ్వాడు.

"నువ్వు ఇంజన్ సూసుకో అన్నా. మాటలు నాకిడిచిపెట్టు."

నాలుగో ట్రిప్పు. పదకొండు పది. ఒక పత్తి గోదాము కప్పు మీద ముసలమ్మ ఒక్కతే ఉంది. బోటు కప్పుకు ఆనిస్తుండగా టార్పాలిన్ తాడు ఇంజన్ రెక్కకు చుట్టుకుంది. ఇంజన్ ఆగిపోయింది. తాడు కోయడానికి డ్రైవరు దిగాడు. నీళ్ల కింద రేకుల షెడ్డు ఉంది. రేకు విరిగింది. ఎడమ కాలు తొడదాకా దిగబడింది.

నేనూ ముసలమ్మా కలిసి అతణ్ణి కప్పు మీదికి లాగాం. మోకాలి పైన, వెనక వైపు, అరచేయంత గాయం. నెత్తురు ఎగిరెగిరి పడుతోంది. కిట్టులోంచి బిగింపు పట్టీ తీశాను. దానికి చిన్న కర్ర ఉంటుంది, తిప్పేకొద్దీ పట్టీ బిగుస్తుంది. తొడకు కట్టి మూడు చుట్లు తిప్పాను. నెత్తురు ఆగింది. ట్రైనింగులో చెప్పినట్టు అతని నుదుటి మీద టైము రాశాను. పదకొండు ఇరవై అయిదు.

"బేస్, బోటు రెండు. డ్రైవరు కాలికి లోతుగా తెగింది. పట్టీ బిగించాను. ఇంజన్ ఆగింది. ఓవర్."

నర్సింగ్ అసిస్టెంటు పలికాడు. నాందేడ్ వాడు. నాకు మరాఠీ వచ్చని మరాఠీలోనే చెప్పాడు. "పట్టీ వదలకు. ఎంత అరిచినా వదలకు. బోటు మూడు వస్తుంది, యాభై నిమిషాల్లో. ఓవర్."

పదిహేను నిమిషాలకు అతని పాదం తెల్లబడింది. ముట్టుకుంటే చేప తగిలినట్టుంది.

"సేటూ, కాలు సచ్చిపోతుంది. జర ఇడువు."

"ఇడువద్దన్నరు అన్నా."

"క్లచ్ తొక్కే కాలు గది. గది లేకుంటే లారీ ఎట్ల నడుపుత? మొత్తం ఇప్పు."

"ఇప్ప."

"నీ కాల్మొక్కుత సేటూ."

నాలో దుకాణం లేచి కూర్చుంది. అతనిది మొత్తం, నాది సున్నా. ఇలాంటప్పుడు నాకు తెలిసిన దారి ఒక్కటే.

"సగం ఇడుస్త. గంతే."

మూడు చుట్లలో ఒకటిన్నర వెనక్కి తిప్పాను. పాదానికి రంగు వచ్చింది. అతను గట్టిగా ఊపిరి వదిలాడు. ఇద్దరికీ నష్టం లేని బేరం అనుకున్నాను.

కాసేపటికి పిక్క మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. గాయం మళ్లీ తడిసింది. ఈసారి ఎగిరి పడలేదు. నల్లగా, నిదానంగా, ఆగకుండా కారింది. ఊట అనుకుని గుడ్డ అదిమాను.

"ఆగుతలేదు కొడుకా. గట్టిగ తిప్పు" అంది ముసలమ్మ.

"ఆగుతదవ్వా."

డ్రైవరు నీళ్లు అడిగాడు. లారీకి ఏ రంగు వేయిస్తే బాగుంటుందని అడిగాడు. నేను నీలం అన్నాను. అతను ఇంకేదో అన్నాడు, వినపడలేదు. పన్నెండు అయిదుకు కర్రను మూడు చుట్లు, ఆపైన ఇంకొకటి తిప్పాను. నెత్తురు ఆగింది. అతను అరవలేదు. అప్పుడు భయమేసింది.

పన్నెండు ఇరవైకి బోటు మూడు వచ్చింది. ముగ్గురినీ ఎక్కించుకుంది. బేస్‌లో ట్రక్కు పక్కన నర్సింగ్ అసిస్టెంటు అతని మెడ మీద నుంచి వేళ్లు తీసి టైము చూశాడు. పన్నెండు యాభై రెండు.

తరువాత పట్టీ మీది రక్తం చూసి అడిగాడు. చెప్పాను. అతను తిట్టలేదు. తన తొడ మీద వేలు పెట్టి చూపించాడు.

"గుండె నుంచి నెత్తురు వచ్చే గొట్టం లోతుగా, ఎముక పక్కన ఉంటుంది. దాన్ని మూయాలంటే పూర్తిగా బిగించాలి. తిరిగి గుండెకు వెళ్లే గొట్టాలు చాలావరకు పైపైన, మెత్తగా ఉంటాయి. సగం పట్టుకే మూసుకుంటాయి. నువ్వు వెనక్కి వెళ్లే దారి మూసి, వచ్చే దారి తెరిచావు. కాలిలోకి పోసిన నెత్తురు గాయంలోంచే బయటపడింది."

మూడు చుట్లయితే బతికేవాడా అని అడిగాను. బతకొచ్చు అన్నాడు. కాలు కూడా దక్కేదేమో, పట్టీ బిగించినా రెండు గంటల సేపు తట్టుకుంటుంది అన్నాడు. సగం బిగింపు అసలు పట్టీయే కట్టకపోవడం కన్నా చెడ్డదా అని నేను అడగలేదు. రెండు ధరలూ తెలిశాక మధ్య ధర చెప్పినవాణ్ణి నేనే.

అతన్ని ఇంటికి చేర్చే డ్యూటీ నాకే వేశారు. కొండగట్టు దాటి పల్లెకు పోయాం. అతని భార్య దుప్పటి తీసి పాదాలు పట్టుకుంది. వేలు వేలూ తడిమింది.

"రెండు కాళ్లు మంచిగనే ఉన్నయి గదన్నా. మరి ఏమైంది?"

నేను వంగి దుప్పటి మళ్లీ పాదాల మీదికి లాగాను.

ఇప్పుడు భైంసాలో బాపు గద్దె మీద నేనే కూర్చుంటాను. గిరాకీలు ఒక మాట అంటారు, నేను ఒకటి అంటాను. బేరం సగం దగ్గరికి వచ్చేసరికి ఆపేస్తాను. అడిగినదానికే ఇచ్చేస్తాను. పిచ్చి సేటు అని బజారులో పేరు పడింది.

కళ్ల ముందు నుంచి పోనిది నెత్తురు కాదు. ఒకటిన్నర చుట్టు వదిలాక అతని కాలి గోళ్లలోకి ఎరుపు తిరిగి వచ్చింది. బొటనవేలు కదిలించి చూపించాడు. వానలో, ఆ కప్పు మీద, దాన్ని చూసి మేమిద్దరం నవ్వాం.