పుస్తకంలోకి ఎక్కని పేర్లు

ధర్మవరంలో మా పక్కింటి పెద్దాయన యుద్ధకాలంలో సైనిక రవాణా విమానాల్లో సరుకు ఎక్కించి దించేవాడు. వీధిలో ఎవరు కూరగాయల సంచి దించినా, "మెల్లగ దించప్పా" అనేవాడు.

ఆయన పనిచేసిన దళం చరిత్ర రాస్తానంటూ హిందూపురం నుంచి ఒక రచయిత వచ్చాడు.

"పోయేటప్పుడు బియ్యం మూటలు, వచ్చేటప్పుడు మావాళ్ల పీనుగులు. నెత్తురు కడిగి, ఆడనే మళ్లా బియ్యం ఎక్కిస్తాంటిమి," అన్నాడు పెద్దాయన.

"ఇది రాస్తే అసహ్యంగా ఉంటాది సార్," అని రచయిత పెన్ను మూశాడు.

పుస్తకంలో పెద్దాయన బాంబులు వేసిన వీరుడయ్యాడు. ఆవిష్కరణ సభలో ఆయన తనకు కప్పిన శాలువా తోసేసి, "నేను బాంబులేసింది లేదు. చచ్చిపోయినోళ్ల పేర్లు చెప్తా, రాసుకోండి," అన్నాడు.

మైకు ఆపేశారు. ఆయన పేర్లు చెబుతూనే ఉన్నాడు. పెద్దమనుషులు భోజనాలకు లేచారు. వాళ్ల వెనకే నేనూ లేచాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.