దూది కూరిన బూట్లు

మా చిన్నప్పుడు రావల్కోల్‌లో మా చెల్లెలు దీవెన ఎక్కడుందో వెతికే పనే ఉండేది కాదు... దాని బూట్లే కీచు కీచుమని చెప్పేవి. తెలంగాణ రాకముందు సంగతి.

పిల్ల తొలి అడుగు వేయగానే బాపు సంబరం పట్టలేక మేడ్చల్ వెళ్ళి తెచ్చిన ఎర్ర బూట్లవి. ఆ చప్పుడంటే దానికెంత మోజంటే... పడుకునేటప్పుడు కూడా విప్పనిచ్చేది కాదు.

కానీ నెలలు గడిచినా నడక కుదరలేదు. కాళ్ళు ఈడ్చేది... నాలుగడుగులకే బోర్లా పడేది.

"పోరి కాళ్ళల్ల సత్తువ లేదురా. ఎప్పుడూ సంకల ఏసుకొని తిరుగుతవు, ఇగ నడకెట్లొస్తది?" అని బాపు వాళ్ళమ్మ, మా అవ్వ, ఆయన్ని దులిపేది.

పక్కింటి ఖాలా మెల్లగా అనేసింది... "పోలియో గిట్ల అయిందేమో భయ్యా, జల్దీ సూపియ్యి."

ఆ మాటతో బాపు కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఇంట్లో ఉపవాస ప్రార్థన మొదలైంది. గుడి ద్వారం దగ్గర కుంటివాణ్ణి లేపి గంతులు వేయించిన దేవా, మా పిల్లను వదిలేస్తావా... అని అమ్మ ఒకటే ఏడుపు.

మేడ్చల్‌లో పిల్లల డాక్టరు ముందుగా బూట్లు విప్పాడు. చెల్లెలు ఆస్పత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. ఆయన బూటు లోపల వేలు పెట్టి లాగితే... గుప్పెడు దూది!

"ఇదేందయ్యా?"

"పెరిగే పిల్ల గద సారూ... రెండేండ్లు వస్తయని పెద్దయి తెచ్చిన. జారకుండ మా అమ్మ దూది కుక్కింది."

"రెండేండ్లకు గాదయ్యా, పిల్ల ఇయ్యాల నడవాలె!"

డాక్టరు బూట్లు పట్టుకుని గది అవతలి గోడ దగ్గర నిలబడ్డాడు. దీవెన ఉత్తకాళ్ళతో లేచింది... వేళ్ళు నేలకు ఆనించి ఒక్క క్షణం ఊగింది... తర్వాత ఒక్కసారి కూడా పడకుండా పోయి తన బూట్లు లాక్కుంది!

బాపు "స్తోత్రం ప్రభువా" అంటూ అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఏడుపో నవ్వో నాకు తెలియలేదు.

"కాళ్ళు మంచిగున్నయి. ఇంట్ల ఉత్తకాళ్ళతోనే తిరగనియ్యి. పాదం నేలను పట్టుకుంటెనే నడక నేర్సుకుంటది. బయటికి పోతే సరిపోయే మెత్తటియి ఎయ్యి" అన్నాడు డాక్టరు.

బైబిల్లో మండే పొద దగ్గర, ఇది పరిశుద్ధ నేల అని చెప్పులు విడువమన్నాడు దేవుడు. మనమేమో అడుగు నేర్వని పసికాళ్ళకు గట్టి అట్టలు బిగిస్తున్నాం! తల్లులారా, తండ్రులారా... ఆయన చేసిన పాదాన్ని ఆయన చేసిన నేల మీద ఆననివ్వండి!

ఆ ఏడాదంతా దీవెన వాకిట్లో ఉరికింది... మట్టికాళ్ళతో లోపలికొస్తే అవ్వ తిట్టకుండా తుడిచేది. ఇప్పుడు ఆ వాకిలంతా సిమెంటే. పిల్లలు మంచం దిగితే చెప్పుల్లోకే దిగుతున్నారు.

మీ ఇంట్లో మట్టి అడుగులు తుడిచి ఎన్నాళ్ళయింది...?