మూలన దాచాల్సిన ముక్క

పెట్టె తెరిచే ముందు కాశమ్మ కొంగుతో ముక్కూ నోరూ బిగించి కట్టుకుంటుంది. తెరిచాక తిట్లు మొదలుపెడుతుంది. బహదూర్‌పురాలో మా ఇంటికి రెండు గల్లీల అవతల, సగం షట్టర్ దించిన గదిలో ముప్పై ఏళ్లుగా ఆమె పని ఇదే. వయొలిన్లు, క్లారినెట్లు, హార్మోనియాలు, ఊదే బాజాలు పెట్టుకునే పాత పెట్టెలు బాగుచేస్తుంది. వాయిద్యాన్ని ముట్టుకోదు.

"బాజాకు దండేసి మొక్కుతరు, పెట్టెల పెంట పోస్తరు," అంటుంది.

అబద్ధం కాదు. మా భజన మండలి హార్మోనియం పెట్టె తీసుకెళ్లినప్పుడు, అందులో దొరికిన సామానంతా నా ఎదుటే పేపరు మీద పరిచింది. ఎండిన కొబ్బరి ముక్కలు, బొద్దింక గుడ్లు, నమిలి దాచిన పాన్, ఎవరివో కట్టుడు పళ్లు. "మీరు భజన చేస్తున్నరా, హోటల్ నడుపుతున్నరా సారూ?" అంది. ఆ మండలికి నేనే కార్యదర్శిని. సిగ్గుతో చచ్చాను. ఆ పళ్లు ఎవరివో తెలిసి కూడా నోరు విప్పలేదు.

పెళ్లి బ్యాండు పెట్టెలు ఇంకా రోత. బాజాలో చేరిన ఉమ్మి తుడవకుండా అలాగే లోపల పడేస్తారు. మఖ్మల్ తడిసి, బూజుపట్టి, పులిసిన కంపు కొడుతుంది. బరాత్‌లో ఎవరో ఇచ్చిన లడ్డూ కూడా అందులోనే దాస్తారు. మర్నాడు దాన్ని తింటారట కూడా! 

అయితే పాత పెట్టెను గుర్తుపట్టడంలో ఆమెకు ఆమే సాటి. స్క్రూ తల మీద ఒకటే గాడి ఉంటే పాతది, ప్లస్ గుర్తుంటే ఎవరో తర్వాత బిగించింది. అతుకు మీద వేడి నీళ్ల గుడ్డ పెడితే వదిలిందా, అది పాతకాలం సరేసు జిగురు. చివరికి వాసన చూసి తేలుస్తుంది. అందుకే పాత సామాన్ల వ్యాపారి ఈశ్వరయ్య ఆమె గుమ్మం వదలడు. కొత్త పెట్టెలకు చాయ్ డికాషన్ పూసి, గొలుసులతో గీతలు పెట్టి, నవాబుల దేవిడీల్లోంచి వచ్చాయని పెద్ద పెద్ద హోటళ్లకు అలంకారానికి అమ్మే రకం. ఇలాంటి మనుషులంటే నాకు ఒళ్లు మంట. ఒకసారి అలాంటి పెట్టే తెస్తే కాశమ్మ మూత ఎత్తి, వెంటనే దించేసింది.

"ఇది దేవిడీల గాదు సేటూ, ఇరానీ హోటల్ల పుట్టింది," అంది.

ఆమె భర్త బీరయ్య పెట్టిన ఆచారం ఒకటుంది. పెట్టెకు కొత్త గుడ్డ వేసే ముందు, పాత గుడ్డలోంచి వేలెడు ముక్క కత్తిరించి, మూత లోపలి ఎడమ మూలన కొత్త గుడ్డ కింద పెట్టి కుట్టాలి. బ్యాండులో పది పెట్టెలు ఒక్కలాగే ఉంటాయి, తారుమారవుతాయి. నాదంటే నాదని కొట్టుకుంటూ ఈ గదికే వచ్చేవాళ్లు. మూలన నాలుగు కుట్లు విప్పి ముక్క బయటికి తీసి, అది ఎవరి పాత గుడ్డో గుర్తుపడితే లొల్లి అక్కడితో తెగిపోయేది. బీరయ్య పోయి పదిహేనేళ్లయినా కాశమ్మ ఆ ఆచారం తప్పలేదు. మేమందరం అలాగే అనుకున్నాం.

పోయిన వానాకాలంలో ఒక ఉదయం, మా పెట్టె కోసం నేను ఆ గదిలో కూర్చుని ఉండగా ఈశ్వరయ్య, సామ్యూల్ అరుచుకుంటూ వచ్చారు. సామ్యూల్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ల నాన్న యాకోబు బ్యాండులోనూ, తర్వాత చర్చిలోనూ కార్నెట్ బాజా ఊదేవాడు. ఆయన పోయి నాలుగేళ్లు. రెండేళ్ల కింద ఇంటికి సున్నం వేసేటప్పుడు సామ్యూల్ భార్య ఆ ఖాళీ పెట్టెను పాత సామాన్లు కొనే కబాడీవాడికిచ్చి ప్లాస్టిక్ టబ్బు తీసుకుంది. ప్లాస్టిక్ టబ్బు! అప్పటినుంచి వెతుకుతూనే ఉన్నాడు. ఆ ఉదయం ఈశ్వరయ్య కొట్లో కనిపించింది, మీద "దేవిడీ బ్యాండు, వందేళ్లు" అని కాగితం అంటించి.

"సాయంత్రం హోటలోళ్లు తీస్కపోతరు, మాటిచ్చిన," అన్నాడు ఈశ్వరయ్య. "ఈయన బజార్ల నన్ను దొంగ అంటుండు. నీ పెట్టెనే అని తేలితే ఫుకట్‌గ తీస్కపో భాయ్. తేలకపోతే నోరు మూస్కో. కాశమ్మక్క చెప్పిందే ఫైనల్."

"బాపు కార్నెట్ గీ పెట్టెల కరెక్టుగ కూసుంటది," అన్నాడు సామ్యూల్.

"ఏ కార్నెటైనా కూసుంటది. గదేం సాక్ష్యం?"

సామ్యూల్ జేబులోంచి బైబిలు తీశాడు. దాని పుటల మధ్య అరచేయంత ఊదారంగు గుడ్డ ఉంది, అంచున పసుపు చార. "చర్చి పాత పరదా కోసి మా అమ్మ గీ పెట్టెకు లోపల కుట్టింది. గందుల మిగిలిన పేలిక ఇది. పదేండ్ల కింద బాపు నీ దగ్గర కొత్త గుడ్డ ఏయించిండు గద అమ్మా, మూలకు గీ రంగు ముక్కనే ఉంటది. తీసి సూడు."

కాశమ్మ కొంగు బిగించి మూత ఎత్తింది. అంచుల వెంట వేలు పోనిచ్చింది. "కుట్టు నాదే," అంది మెల్లగా.

"నీ కుట్టు వంద పెట్టెలల్ల ఉంటది. ముక్క తియ్యి," అన్నాడు ఈశ్వరయ్య.

ఆమె కత్తెర అందుకుని ఆగింది. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదేమో అనుకున్నాను. నాలుగు కుట్లు విప్పి గుడ్డ ఎత్తింది. కింద ఉత్త చెక్క.

"యాడనో జారి పడ్డదేమో అమ్మా?" అన్నాడు సామ్యూల్.

కాశమ్మ ముక్కు మీది కొంగు లాగేసింది. "పడలే బిడ్డా. నేను పెట్టలే."

కత్తెర కింద పెట్టింది. ఆమే చెప్పింది. "మీ బాపు అప్పుడు మస్తు తాగుతుండె, నీకు ఎర్కనే. తాగి గీ పెట్టెలనే కక్కిండు. వారం దినాలు మూసిపెట్టి నాకు తెచ్చిచ్చిండు. తెరిస్తే పురుగులు లుకలుకమన్నయి. పాత గుడ్డనంత పట్టుకారుతోని పీకి మోరీల పడేసిన. ముక్క కోసేతందుకు చెయ్యి రాలే. తీస్కపోయేటప్పుడు మీ బాపు అడిగిండు, ముక్క పెట్టినవా అమ్మా అని. పెట్టిన అన్న." ఈశ్వరయ్య వైపు తిరిగింది. "ఇది యాకోబు పెట్టెనే సేటూ. నేను ముక్క పెట్టంది నా బతుకుల ఇదొక్కటే. ఆ మూల ఖాళీగున్నదే, గదే గుర్తు."

ఈశ్వరయ్య పకపకా నవ్వాడు. "లేని ముక్క సాక్ష్యమా? మస్తు చెప్పినవ్ అక్కా! అప్పుడు అబద్ధమాడిన అని నీ నోటితోనే అంటివి. ఇప్పుడు నిజమంటే ఎట్ల నమ్మాలె?"

వాడి మొహాన ఉమ్మాలనిపించింది నాకు. చాయ్ నీళ్లు పూసి బతికేవాడు నిజం గురించి మాట్లాడటం! కానీ ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు, అది ఇంకా అసహ్యంగా ఉంది.

"ఊరందరి కంపు తిట్టిన గని నా కంపు నాకు తెల్వలే," అంది కాశమ్మ. "గిసొంటి ముండను నమ్మి మీ బాపు పెట్టె ఇచ్చిండు. తిట్టు బిడ్డా, నన్ను తిట్టు."

సామ్యూల్ తిట్టలేదు. ఊదా గుడ్డను పెట్టె పక్కన పరిచాడు. తర్వాత ఈశ్వరయ్యతో అన్నాడు. "సాక్ష్యం తేలలే, తీస్కపో సేటూ. గని గీ గుడ్డల కెల్లి ముక్క కోసి ఆ మూలకు కుట్టనియ్యి."

"బయటికి కనబడదు గద? కుట్టుకో."

"వద్దు బిడ్డా," అంది కాశమ్మ. "మీ అమ్మ గుర్తు నీకు గదొక్కటే మిగిలింది. ఎవనికో పొయ్యే పెట్టెల ఎందుకు?"

"బాపుకు పెట్టిన అన్నవ్ గద," అన్నాడు సామ్యూల్. "పెట్టు."

ఆమె కోసింది. సరిగ్గా వేలెడు. మూలన పెట్టి నాలుగు కుట్లు వేసింది, పైన ఇంకో రెండు వేసింది. పెట్టెలో ఏ కంపు మిగిలి ఉందో నాకు తెలియదు, ఆమె మాత్రం కొంగు కట్టుకోలేదు. ఈశ్వరయ్య పెట్టె చంకన పెట్టుకుని వెళ్లాడు. సామ్యూల్ మిగిలిన గుడ్డను బైబిల్లో పెట్టుకుని, డ్యూటీకి వేళయిందని ఇంకోవైపు వెళ్లాడు.

నేనూ లేవబోయాను. కాశమ్మ ఆగమంది. మా హార్మోనియం పెట్టె ముందుకు లాక్కుని, పక్కన పోగేసిన పాత గుడ్డలోంచి వేలెడు ముక్క కోసింది. పట్టుకారు అక్కడే ఉన్నా ముట్టుకోలేదు. పాన్ మరకతో, బూజుతో జిడ్డుగా ఉన్న ఆ ముక్కను ఉత్త వేళ్లతో పట్టుకుని నా మొహం దగ్గర పెట్టింది. నేను ముక్కు మూసుకుని తల తిప్పుకున్నాను.

"ఇటు సూడు సారూ," అంది. "నేను పెట్టిన అంటే ఇగ నమ్మకుండ్రి. సూసి పోండ్రి."

చూశాను.