చెయ్యి అందినంత మేర

మొదట వినిపించింది సుద్దముక్క చప్పుడు. గచ్చు మీద ఎవరో పొడవాటి గీత గీస్తున్నారు. గీత మధ్యలో ఆగుతోంది, ఊపిరి తీసుకుంటోంది, మళ్లీ సాగుతోంది. పైవాటా మెట్ల మీద నుంచి తొంగిచూస్తే, ఇంటి పక్క ఖాళీ జాగాలో ఇంటి యజమానురాలు మోకాళ్ల మీద ఉంది. నేను ఆవిడని పిన్నిగారూ అని పిలుస్తాను. మోకాళ్ల కింద పాత గోనెపట్టా, చెవి వెనక ఇంకో సుద్దముక్క. ఆవిడ ముందు తెల్లగా ఒక కారు పడుకుని ఉంది. అసలు కారంత పొడవు, అసలు కారంత వెడల్పు. రెండు ముందు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి, ఎగరబోయి ఎందుకో ఆగిన పిట్ట రెక్కల్లా.

"తలుపులు తెరిచి గీశారేంటి పిన్నిగారూ?"

"మూసి గీస్తే నువ్వెక్కడినుంచి దిగుతావు? పొగగొట్టంలోంచా?"

ఆ మాట వెనక ఒక కథ ఉంది. ఆవిడ ముప్ఫై ఒక్కేళ్లు బస్సు డిపోలో పనిముట్ల గది చూసింది. ఆ గదికి ఒకటే కిటికీ. మెకానిక్ తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి పానా పట్టుకెళ్లాలి, పానా తిరిగిచ్చి బిళ్ల తీసుకెళ్లాలి. లోపల గోడంతా నల్లరంగుతో వేసిన నీడలు: సుత్తి చోట సుత్తి ఆకారం, పానా చోట పానా ఆకారం. సాయంత్రానికి ప్రతి వస్తువూ తన నీడ మీదికి చేరాలి. ఒక్క నీడ ఖాళీగా కనబడినా ఆవిడ ఎవర్నీ గేటు దాటనిచ్చేది కాదు. ఒకసారి పద్నాలుగో నంబరు పానా కోసం ఒక బస్సు ఇంజినంతా వెతికించింది. దొరికింది, ఫ్యాను రెక్కల పక్కనే. ఆ బస్సు అలాగే రోడ్డెక్కి ఉంటే ఏమయ్యేదో ఆ మెకానిక్‌కు తెలుసు. అప్పటినుంచి ఆవిడ ఎదురైతే అతను సైకిల్ దిగి నడిచేవాడట.

రిటైరయ్యాక, ఇంట్లో గ్యారేజీ కట్టుకునేవాళ్లు ఆవిడ సలహా అడగడం మొదలుపెట్టారు. మొదటిది ఆవిడ బావగారిది. కారు కొలతలు వెంట్రుకవాసి తేడా లేకుండా తీసింది, అటూ ఇటూ జానెడు వదిలింది. కారు ఒరలో కత్తిలా దూరింది. కానీ బావగారు దిగడానికి తలుపు తెరుచుకోలేదు. అందరి ముందూ కారు వెనక్కి తీయడానికి మనసొప్పక, ఆయన సీట్ల మీదుగా పాకి డిక్కీలోంచి బయటపడ్డారు. చొక్కా దులుపుకుంటూ, "అమ్మాయ్, కారు కొలతలు బ్రహ్మాండంగా తీశావు. నావే మర్చిపోయావు" అన్నారట.

అప్పటినుంచి ఆవిడ ఏ ఇంటికి వెళ్లినా ముందు మనిషిని కొలుస్తుంది. ఆ తర్వాతే బండిని.

ఇప్పుడు గీస్తున్న గ్యారేజీ మాత్రం బయటివాళ్లకు కాదు. కిందివాటా ముందుగదిలో ఆవిడ తమ్ముడున్నాడు. పాతికేళ్లు మోటార్‌సైకిళ్లు బాగుచేసిన మనిషి. బండి వీధి మలుపు తిరుగుతుంటేనే చప్పుడు విని జబ్బేమిటో చెప్పేవాడు. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. ఎడమచెయ్యి పడిపోయింది, ఎడమకాలు బరువెక్కింది. షాపు ఖాళీ చేసి, భార్యతో పాటు అక్క ఇంటికి చేరాడు. వెంట వచ్చిన రెండు పనిముట్ల పెట్టెలూ అతని మంచం కిందే ఉన్నాయి. వాటివైపు చూడడు. నెలాఖరున వచ్చి పట్టుకెళ్లమని ఎదురు షాపతనికి మాట కూడా ఇచ్చేశాడు. పాతికేళ్లూ తనతో పోటీపడ్డ మనిషికి!

"ఆ పెట్టెలు గుమ్మం దాటాయంటే వాడిక కుర్చీలోంచి లేవడు. ఈలోగా ఈ జాగా తయారవ్వాలి" అంది పిన్నిగారు, సుద్ద పొడి ఊదుకుంటూ.

ఆ మూడు వారాలు నేను మెట్ల మీద నుంచి చూసినదంతా, ఒక మనిషి మరో మనిషి గురించి ఆలోచిస్తే ఆ ఆలోచన ఇటుకగా, తీగగా, వెలుతురుగా ఎలా మారుతుందన్నదే. గచ్చుకు వీధివైపు వేలెడు వాలు పెట్టించింది, కడిగిన నీళ్లు వాటంతటవే దారి వెతుక్కునేలా. ప్లగ్గులు నడుమెత్తున పెట్టించింది. పెట్రోలు ఆవిరి నేలబారున పాకుతుందని, నిప్పురవ్వకు దాన్ని దూరంగా ఉంచాలని. ట్యూబులైట్లు నడినెత్తిన కాక రెండు పక్కలా బిగించింది. "పనిచేసేవాడి నీడ పని మీద పడకూడదు" అంది. మంటలార్పే సిలిండర్ బల్ల దగ్గర కాదు, తలుపు దగ్గర: మంట చూసినవాడు పరిగెత్తేది అటే కదా. ఒకవైపు ఆవిడ పాత కారు, రెండోవైపు రెండు మోటార్‌సైకిళ్లకు చోటు. ముందు చక్రాన్ని పట్టి బండిని నిలబెట్టే ఇనప దవడ ఒకటి, కుడికాలితో తొక్కితే బండిని పైకి లేపే జాకీ బల్ల ఒకటి, మూలన సామాను కదలకుండా బిగించి పట్టే వైస్ ఒకటి.

తమ్ముడి భార్య టీ తెచ్చి గోడవారగా నిలబడేది.

"వదినా, ఆయన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగితే వద్దంటాడు. వద్దన్నాక కడితే పోట్లాట. అడక్కుండా కడితే ఉత్త పొరపాటు."

"అబ్బో! అక్కాతమ్ముళ్లిద్దరూ ఈ మొండితనం ఏ కొట్లో కొన్నారో!"

"కొనలేదే, మా అమ్మ చెరిసగం పంచింది. వాడి వాటా నువ్వు రోజూ చూస్తున్నావుగా."

ముందుగది కిటికీ ఈ జాగాలోకే తెరుచుకుంటుంది. రెండు వారాలు దాని రెక్కలు కదల్లేదు. డ్రిల్లు మోత ఆగిన ప్రతిసారీ పిన్నిగారు అటు చూసేది. ఒక మధ్యాహ్నం ఎడమ రెక్క వేలెడంత తెరిచి కనిపించింది. ఆ సందులో చీకటి మెలకువగా ఉంది. ఆవిడ డ్రిల్లు మళ్లీ అందుకుంది, కాస్త మెల్లగా.

నెలాఖరుకు మూడు రోజుల ముందు గోడ పూర్తయింది. మంచం కింది పెట్టెలు అతని కళ్లముందే బయటికి లాగి, పనిముట్లన్నీ తుడిచి, డిపోలోలాగే నల్లటి నీడలు వేసి, వరుసగా తగిలించింది. నెల రోజులుగా మొరాయిస్తున్న నా మోటార్‌సైకిల్‌ను తొలి రోగిగా నిలబెట్టాం. అతను చేతికర్ర ఊతంతో, భార్య భుజానికి ఆనుకుని వచ్చాడు. చక్రాల స్టూలు మీద కూర్చున్నాడు. గోడంతా కలయజూశాడు. తర్వాత పదో నంబరు పానా కోసం కుడిచెయ్యి చాచాడు.

వేళ్లు జానెడు దూరంలో ఆగిపోయాయి.

అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. ఆ గోడ నిలబడి పనిచేసే మనిషి భుజాల ఎత్తుకు కట్టినది. రెండు చేతులున్న తమ్ముడికి, ఈల వేస్తూ పనిచేసే తమ్ముడికి, ఆవిడ గుర్తుపెట్టుకున్న తమ్ముడికి కట్టినది. ఊళ్లో అందరినీ కొలిచిన మనిషి ఇంట్లోవాణ్ని మాత్రం జ్ఞాపకంతో కొలిచింది.

చెయ్యి గాల్లోనే ఉంచి, "నన్ను కొలవలేదేంటక్కా?" అన్నాడు.

పిన్నిగారి మొహం పాలిపోయింది. "నిన్ను నిలబడమని ఏ నోటితో అడగన్రా?"

"కూచోమని అడగాల్సింది."

అతని భార్య స్టూలు వెనక్కి తిప్పి లోపలికి తీసుకెళ్లబోయింది. ఇంక అయిపోయిందనే అనుకున్నాను.

"ఆగవే" అన్నాడతను. "అక్కా, నీ చెవి వెనకున్న ఆ సుద్ద ఇలా పారెయ్."

సుద్ద అందుకుని, కుడికాలు నేలకు తన్నిపెట్టి, స్టూలును గోడ దగ్గరకు జరుపుకున్నాడు. కూర్చున్నచోటు నుంచి చెయ్యి ఎంత అందుతుందో అంతా చాచి, కుడివైపు కింది నుంచి పైకి, పై నుంచి ఎడమకు, గోడ మీద ఒకే గీత లాగాడు. నెత్తి మీదుగా వెళ్లేటప్పుడు గీత వణికింది. ఎడమవైపుకు చేరేసరికి అతని నుదుటి మీద చెమట. తెల్లటి అరచందమామ ఒకటి, ఏ కొలబద్దా ఒప్పుకోని వంకరతో, గోడ మీద పొడిచింది.

"ఇందులో పట్టినంతే నాది. మిగతావి నీ డిపోకి పంపించుకో."

"అలాగే రా."

"సైజుల వారీగా తగిలిస్తావా? ఇదేమన్నా లైబ్రరీనా? పది, పన్నెండు, పద్నాలుగు నా చేతికింద ఉండాలి. వైస్ ఆ మూలన కాదు, నా ఎదురుగా బిగించు. ఇనుమైతేనేం, ఇకనుంచి నా ఎడమచెయ్యి అదే."

"ఎనిమిది నెల్లు నోరు కుట్టేసుకున్నాడు, ఇప్పుడు చూడండి!" అంది అతని భార్య. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు.

ఒక్క ఖాళీ నీడను కూడా ఓర్చుకోలేని పిన్నిగారు, మర్నాడు పొద్దున్నే తన నీడలన్నిటి మీదా తెల్లరంగు వేసేసింది. వణికిన సుద్దగీత మీద మాత్రం, ఆ వణుకు పోకుండా, నల్లరంగు దిద్దింది. దాని లోపల కొత్త నీడలు వేసింది, తక్కువే, దగ్గర దగ్గరగా. వైస్ ముందుకు జరిగింది, బల్ల కిందికి దిగింది. ఈసారి ప్రతి మేకుకూ తమ్ముణ్ని కూర్చోబెట్టి, చెయ్యి చాపించి, కొలిచింది. తెల్లరంగు కింద పాత నీడలు ఇప్పటికీ లీలగా కనిపిస్తాయి, వెళ్లిపోయిన మనిషి గోడకు ఆనుకున్న చోటులా.

నెలాఖరున ఎదురు షాపతను వచ్చాడు. తమ్ముడు రెండు ఖాళీ పెట్టెలూ అతని ముందుకు కాలితో తోశాడు.

"పట్టుకెళ్లరా. మాటిచ్చాను కదా."

"ఇందులో ఏం లేవుగా!"

"ఉంటాయని నేనన్నానా? వచ్చినవాడివి వచ్చావు, ఆ పెట్రోలు ట్యాంకు కాస్త ఎత్తి పెట్టు. ఒంటి చేత్తో అదొక్కటే కుదరడం లేదు."

అతను పడీపడీ నవ్వి, చొక్కా చేతులు పైకి మడిచి, ట్యాంకు ఎత్తి పెట్టాడు. అప్పటికే కార్బురేటర్‌ను వైస్‌లో బిగించి, విప్పి, కడిగి, మళ్లీ కూర్చడానికి తమ్ముడికి రెండు రోజులు పట్టింది. ఒకప్పుడు అరగంట పని. ఆ రెండు రోజులూ అక్క పక్కనే కూర్చుంది. ఒక్క మర కూడా అందివ్వలేదు. అందివ్వకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆవిడ జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటై ఉంటుంది.

తమ్ముడు హ్యాండిల్ మీది స్టార్టు బటన్‌కు కుడి బొటనవేలు ఆనించి తలెత్తాడు. ఎండ నేరుగా అతని కళ్లలో పడుతోంది. నేను వెళ్లి తలుపు దగ్గరకు వేయబోయాను. పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మూయకు నాయనా, బార్లా తెరిచే ఉంచు. పొగ బయటికి పోవాలి. చప్పుడు వీధంతా వినబడాలి."